దాచిపెట్టి చేయించుకునే ఆపరేషన్ కాదిది!

డాండా వెస్ట్ చికాగో స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిషు విభాగానికి అధిపతిగా పనిచేసిన ప్రొఫెసర్. ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్‌కు తల్లి. 2007 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆమె పొట్ట తగ్గించే ‘టమ్మీ టక్’ ఆపరేషన్, కొవ్వు పీల్చే లైపోసక్షన్, రొమ్ముల పరిమాణం తగ్గించే ఆపరేషన్... అన్నీ ఒకేసారి చేయించుకున్నారు. అవగానే ఇంటికి వెళ్లారు. మర్నాడు, నవంబరు 10న ప్రాణాలు పోయాయి. వయసు 58. గుండె రక్తనాళాల్లో ముందునుంచే పూడిక ఉందనీ, దానికి ఆపరేషన్ తర్వాతి పరిస్థితులు తోడయ్యాయనీ శవపరీక్షలో తేలింది. అంతకుముందు ఆమె సంప్రదించిన మరో సర్జన్ ‘ముందు ఆరోగ్య పరీక్షలు చేయించుకుని, డాక్టరుతో సరేననిపించుకుని రండి’ అన్నారు. ఆమె ఆ సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

రెండేళ్లకు, 2009లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆమె పేరు మీద ఒక చట్టం తెచ్చింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కైనా సరే, ముందుగా శరీర పరీక్ష జరగాలి, రోగి ఆపరేషన్‌ను తట్టుకోగలరని రాతపూర్వకంగా ఉండాలి. ఇంత చిన్న విషయానికి చట్టం కావాల్సి వచ్చిందంటే, అందం పేరు చెప్పగానే మామూలు జాగ్రత్తలను మనం ఎంత తేలిగ్గా పక్కన పెట్టేస్తామో తెలుస్తుంది.

మనకు దగ్గరివాళ్ల విషాదాలూ ఉన్నాయి. ‘నువ్వు నాకు నచ్చావ్’ కథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూశారు. 31 ఏళ్లు. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారనీ, ఊపిరి తీసుకోవడానికి చాలా ఇబ్బంది పడ్డారనీ ఆమె మేనేజర్ అప్పట్లో చెప్పారు. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకోవడానికి వెళ్లి ప్రాణాలు కోల్పోయారు. 21 ఏళ్ల అమ్మాయి. ఆపరేషన్ సంగతి కన్నవాళ్లకు ముందుగా చెప్పలేదని వార్తలు వచ్చాయి. ఈ ఇద్దరూ చేయించుకున్నది టమ్మీ టక్ కాదు. అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు టమ్మీ టక్‌తో పాటు లైపోసక్షన్ కూడా కలిపి చేయడం మామూలైపోయింది. రెండింటిలోనూ ప్రాణం తీసే ప్రమాదాలు చాలావరకు ఒకటే.

ఈ పేర్లు తలుచుకున్నది ఎవరినీ బెదరగొట్టడానికి కాదు. టమ్మీ టక్ చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది క్షేమంగానే బయటపడతారు. చాలామంది సంతోషంగానూ ఉంటారు. నా ఆవేదనల్లా ఒక్కటే. గంటల తరబడి సాగే పెద్ద ఆపరేషన్‌ను ఫేషియల్ పక్కన, లేజర్ పక్కన ఒక ‘ప్యాకేజీ’గా అమ్ముతున్నారు. కొనేవాళ్లు దాన్ని చీరల షాపింగ్ అంత తేలిగ్గా, గుట్టుగా కానిచ్చేయాలనుకుంటున్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పరు. డాక్టరుకు సగం చెప్పరు. డాక్టరు కూడా వాళ్లకు సగం చెప్పరు. ప్రమాదం ఈ దాపరికాల్లోనే పెరుగుతుంది.

లోపల ఏం చేస్తారు?

మత్తిచ్చాక సిజేరియన్ గీత ఉండే చోటే, దానికంటే చాలా పొడవుగా, ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా కోస్తారు. అక్కడి నుంచి చర్మాన్ని, దాని కింది కొవ్వును కలిపి కండరం మీద నుంచి విడదీసుకుంటూ పక్కటెముకల దాకా పైకి లేపుతారు. బొడ్డు చుట్టూ కోసి, దాన్ని కాడతో సహా అక్కడే ఉంచేస్తారు. కాన్పులతో ఎడంగా జరిగిపోయిన రెండు నిలువు కండరాలనూ నడిమధ్యకు లాగి కుడతారు. పైకి లేపిన చర్మాన్ని కిందికి గుంజి, మిగిలిన భాగాన్ని కోసి తీసేస్తారు. కిందికి వచ్చిన చర్మానికి కొత్తగా కన్నం పెట్టి అందులోంచి బొడ్డును బయటికి తెచ్చి కుడతారు.

ఇది నిన్న మొన్నటి వింత కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హోవర్డ్ కెల్లీ వేలాడే పొట్ట కొవ్వును కోసి తీసిన వైనాన్ని 1899లోనే రాశారు. బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగీ 1967లో తన వందలాది కేసుల అనుభవాన్ని ప్రచురించారు. నూరేళ్లు దాటిన ఆపరేషన్ కాబట్టి దీని కష్టనష్టాలన్నీ వైద్యులకు బాగా తెలుసు. తెలియనిది బల్ల మీద పడుకోబోయేవాళ్లకే.

అంకెలు చూద్దాం. అమెరికాలో 2008 నుంచి 2013 వరకు జరిగిన 25,478 టమ్మీ టక్ ఆపరేషన్ల లెక్కలను వైద్యులు వడగట్టి 2015లో ప్రచురించారు. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం, మళ్లీ కోయాల్సి రావడం లాంటి పెద్ద సమస్యలు నూటికి 4 మందిలో వచ్చాయి. మిగతా సౌందర్య ఆపరేషన్లన్నీ కలిపి చూస్తే ఆ సంఖ్య 1.4 మాత్రమే. అదే అధ్యయనంలో మరో వరసను ఇంకా శ్రద్ధగా చదవాలి. టమ్మీ టక్ ఒక్కటే చేయించుకుంటే 3.1 శాతం. లైపోసక్షన్ కలిపితే 3.8. దానికి రొమ్ముల ఆపరేషన్ కూడా చేరిస్తే 4.6. తొడలు, చేతులు లాంటి ఇతర భాగాల కోతలు, లైపోసక్షన్ అన్నీ కలిపితే 10.4 శాతం. ‘ఎలాగూ మత్తిస్తున్నారు కదా, పనిలో పనిగా అవీ చేయించేసుకోండి’ అనే మాటకు అసలు ధర అది. పురుషుల్లో, 55 దాటినవాళ్లలో, బీఎంఐ 30 దాటినవాళ్లలో ముప్పు ఇంకా ఎక్కువని కూడా ఆ లెక్కలే చెప్పాయి.

ఈ 4 శాతంలో చిన్నాచితకా సమస్యలు లేవు. ఓపీలోనే చక్కబెట్టే నీరు చేరడం, కుట్టు కొద్దిగా విచ్చుకోవడం, తిమ్మిరి లాంటివి కలిపితే సంఖ్య చాలా పెద్దది.

గొట్టాలు, నోట్‌బుక్, నల్లబడే చర్మం

ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి వెళితే ముందుగా కంటపడేవి గొట్టాలు. పొత్తికడుపు కింద నుంచి సన్నని పైపులు రెండు బయటికి వచ్చి, గుప్పిట్లో ఇమిడే ప్లాస్టిక్ బల్బుల్లోకి దిగుతాయి. బల్బును నొక్కి గాలి తీసేసి మూత పెడితే, అది విప్పారుతూ లోపలి ద్రవాన్ని మెల్లగా పీల్చుకుంటుంది. రోజుకు రెండుమూడుసార్లు చేతులు సబ్బుతో కడుక్కుని, మూత తీసి, కొలగ్లాసులోకి ఒంపి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నోట్‌బుక్‌లో రాయాలి. మొదట చిక్కటి ఎరుపు, తర్వాత లేత గులాబీ, చివరికి ఎండుగడ్డి రంగు. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపే పడుతున్నప్పుడు గొట్టం తీసేయడం చాలాచోట్ల పద్ధతి. రంగు వెనక్కి మళ్లి హఠాత్తుగా పచ్చినెత్తురు నిండుతుంటే, పొట్ట ఒక పక్క ఉబ్బి గట్టిపడుతుంటే లోపల రక్తస్రావం అవుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు.

గొట్టాలు ఎందుకంటే, చర్మాన్ని కండరం నుంచి విడదీసిన చోట పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో శరీరం నీరు ఊరుస్తుంది. దాన్నే సెరోమా అంటారు. ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువమందిని పట్టి పీడించే సమస్య ఇదే. గొట్టం తీశాక కూడా నీరు చేరితే సూదితో తీయాలి. కొందరికి ఒకసారితో పోతుంది, కొందరు వారానికోసారి ఓపీ చుట్టూ తిరగాలి. నిర్లక్ష్యం చేస్తే ఆ నీటి చుట్టూ తిత్తి కట్టుకుని, దాన్ని మళ్లీ కోసి తీయాల్సి వస్తుంది. డాలస్ సర్జన్లు హార్లన్ పొలాక్, టాడ్ పొలాక్ 2000లో ఒక ఉపాయం ప్రచురించారు. చర్మాన్ని కిందికి దింపేటప్పుడే అంచెలంచెలుగా లోపలి కండరపు పొరకు కుట్లు వేసుకుంటూ రావడం. ఖాళీ మిగలదు, చర్మపు అంచు మీద లాగుడూ తగ్గుతుంది. మీ సర్జన్ ఈ కుట్లు వేస్తారో లేదో అడగడంలో తప్పేమీ లేదు.

నీటికంటే భయపెట్టేది చర్మం చచ్చిపోవడం. పైకి లేపేటప్పుడు కింది నుంచీ మధ్య నుంచీ వచ్చే రక్తనాళాలు తెగిపోతాయి. ఆ చర్మం మొత్తం పక్కల నుంచి, పైనుంచి వచ్చే రక్తం మీదే బతకాలి. అన్నిటికంటే దూరాన ఉన్నది బొడ్డుకూ కుట్టు గీతకూ మధ్యనున్న ముక్క. అది ముందు నీలంగా, తర్వాత నల్లగా మారి, పెచ్చు కట్టి, ఊడి, పుండుగా మిగలవచ్చు. మానడానికి నెలలు పడుతుంది. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ ఏదైనా సరే, నికోటిన్ సన్న రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆపరేషన్‌కు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. ‘తగ్గించాను’ అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

పాత కోతల సంగతి చాలామంది చెప్పరు, కొందరు సర్జన్లు అడగరు. కుడి పక్కటెముకల కింద పిత్తాశయం కోసం ఎప్పుడో వేసిన ఏటవాలు గాటు ఉంటే, అది కింది చర్మానికి రక్తం వచ్చే దారికి అడ్డం. ఆ గాటు సంగతి లెక్కచేయకుండా మామూలు పద్ధతిలో చర్మం లేపేస్తే దాని కింది భాగం చచ్చిపోయే ప్రమాదం ఉంది. కాన్పుల తర్వాత బొడ్డు దగ్గర హెర్నియా వచ్చిన వాళ్లదీ అలాంటి ఇబ్బందే. చుట్టూ కోసేసిన బొడ్డుకు లోపలి కాడ ఒక్కటే ఆధారం. హెర్నియాను సరిచేస్తూ ఆ కాడను కూడా దెబ్బతీస్తే బొడ్డు నల్లబడి రాలిపోతుంది.

చీము పట్టడం ఏ ఆపరేషన్‌లోనైనా ఉన్నదే. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా వారాల తరబడి చిన్నచిన్న గడ్డలు లేచి కారుతుంటే మాత్రం, పరికరాలు సరిగా శుద్ధి చేయని చోట అంటుకునే మైకోబాక్టీరియా జాతి క్రిములున్నాయేమో ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. అవి సాధారణ కల్చర్‌లో దొరక్కపోవచ్చు. మందులు నెలల తరబడి వాడాలి.

మచ్చ గురించి ఒక్క మాట. మన చర్మపు రంగు వాళ్లలో కొందరికి మచ్చ ఉబ్బి, దురద పెట్టే కెలాయిడ్ అవుతుంది. చెవి కుట్టిన చోట, బీసీజీ టీకా వేసిన చోట మచ్చ ఉబ్బినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. పొత్తికడుపు మీద స్పర్శ నెలల పాటు ఉండదు. కొంతమేర శాశ్వతంగానే పోవచ్చు. వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని కాలిందని తెలియక బొబ్బలు తెచ్చుకునే ముప్పు అందుకే.

పిక్కలో నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

ఈ ఆపరేషన్‌లో మనిషిని చంపే ముఖ్యమైన శత్రువు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. పైన చెప్పిన 25 వేల కేసుల్లో పెద్ద సమస్య వచ్చిన ప్రతి అయిదుగురిలో ఒకరిది ఇదే. సౌందర్య ఆపరేషన్లలో ఈ గండం ఎక్కువగా ఉన్న వాటిలో టమ్మీ టక్ ముందుంటుంది. దానికి కారణం ఆపరేషన్ స్వభావమే. కండరాలను బిగించి కుట్టడంతో కడుపులో ఒత్తిడి పెరిగి, కాళ్ల నుంచి గుండెకు రక్తం తిరిగొచ్చే దారి మందగిస్తుంది. కుట్టు తెగకుండా నడుము వంచి పడుకోవాలి, కాబట్టి గజ్జల దగ్గర సిర మడత పడుతుంది. పైగా పొట్ట చుట్టూ బిగించే బెల్టు. పైగా నొప్పికి భయపడి కదలకపోవడం. లైపోసక్షన్ కూడా చేసి ఉంటే చితికిన కొవ్వు తుంపరలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే మరో గండం.

ఇక్కడే మన ఇళ్ల ప్రేమ అడ్డం తిరుగుతుంది. ఆపరేషన్ అయిందంటే మనకు బాలింతను చూసుకున్నట్టే. ‘మంచం దిగకమ్మా, కుట్లు పిగులుతాయి’, ‘నీళ్లు ఎక్కువ తాగకు, చీము పడుతుంది’, ‘నడుం బిగించి కట్టు, పొట్ట జారదు’. అమ్మమ్మలు, అత్తగార్లు మంచి మనసుతోనే అంటారు. ఈ మూడూ ఈ ఆపరేషన్‌లో ప్రమాదకరం. ఆ సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో ఎవరైనా పట్టుకుని లేపి, నడుము వంచే అయినా నాలుగడుగులు వేయించాలి. పగలు గంటకోసారి లేవాలి. పడుకున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. డాక్టరు వద్దంటే తప్ప నీళ్లు బాగా తాగాలి. బెల్టు డాక్టరు చెప్పినంత బిగువుగానే ఉండాలి. తొడల మొదట్లో గీతలు పడేలా బిగిస్తే కాళ్ల రక్తాన్ని మనమే ఆపినట్టు. ఆసుపత్రిలో మూడు బంతులున్న చిన్న పరికరం ఇస్తారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. దాన్ని బీరువాలో పెట్టేవాళ్లే ఎక్కువ. బిగించిన పొట్టతో ఊపిరి పైపైనే తీస్తాం, ఊపిరితిత్తుల అడుగుభాగం మూసుకుపోతుంది. గంటకోసారి ఆ బంతులు లేపితే న్యుమోనియా ముప్పు తగ్గుతుంది.

ముప్పు ఎవరికెంత ఉందో ముందే లెక్క కట్టే పద్ధతి ఉంది. అమెరికా సర్జన్ జోసెఫ్ కాప్రినీ పేరుతో వాడుకలో ఉన్న స్కోరు అది. వయసు, బరువు, ఆపరేషన్‌కు పట్టే సమయం, గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మాత్రలు, కాళ్లలో ఉబ్బిన సిరలు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు కట్టిన చరిత్ర, గతంలో కారణం తెలియకుండా అయిన గర్భస్రావాలు, క్యాన్సర్... ఒక్కోదానికి కొన్ని మార్కులు. మొత్తాన్ని బట్టి కాళ్లకు గాలి నింపే తొడుగులు సరిపోతాయా, రక్తం పలుచబరిచే ఇంజెక్షన్లు కావాలా, అసలు ఆపరేషనే వద్దనాలా అన్నది తేలుస్తారు. ఈ ప్రశ్నలు అడక్కుండా అడ్వాన్సు తీసుకున్న చోట బల్ల ఎక్కకండి. అడిగినప్పుడు మీరూ దాచకండి. పెళ్లికానమ్మాయి గర్భనిరోధక మాత్ర గురించి అమ్మ ముందు చెప్పలేకపోవచ్చు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. చెప్పి తీరాల్సిన మాట అది.

గండం ఆసుపత్రి గుమ్మం దాటగానే తీరిపోదు. కొన్ని వారాలు ఉంటుంది. ఒక్క కాలే వాచడం, పిక్కలో పట్టేసినట్టు నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే పొడిచినట్టు ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, దగ్గితే నెత్తురు. వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఐసీయూ, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

అసలు అవసరం ఎవరికి?

మన మగవాళ్లలో చాలామందికుండే గుండ్రటి గట్టిపొట్టకు ఈ ఆపరేషన్ పనికిరాదు. ఆ కొవ్వు చర్మం కింద లేదు, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ ఉంది. కత్తి అక్కడికి వెళ్లదు. పడుకుంటే పొట్ట పక్కలకు జారి చదునవుతుందా, కొండలా అలాగే నిలబడి ఉంటుందా చూసుకోండి. నిలబడి ఉంటే తగ్గించాల్సింది తిండి, పెంచాల్సింది నడక. పొట్ట తీయించుకుంటే షుగరు, గుండెజబ్బు ముప్పు తగ్గుతాయన్న ఆశ కూడా వద్దు. అమెరికాలో శామ్యూల్ క్లైన్ బృందం ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్‌తో ఒక్కొక్కరి నుంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, మూడు నెలల లోపు మళ్లీ పరీక్షించింది. ఇన్సులిన్ పనితీరులో, బీపీలో, రక్తంలోని కొవ్వుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని 2004లో ప్రచురించింది.

మేలు పొందేవాళ్లు వేరే ఉన్నారు. కాన్పుల తర్వాత నిలువు కండరాలు బాగా ఎడమై, వ్యాయామంతోనూ దగ్గరకు రాక, నడుము నొప్పితో కుంగిపోయేవాళ్లు. బేరియాట్రిక్ ఆపరేషన్‌తోనో, కఠోరమైన ఆహార నియమంతోనో యాభై కిలోలు తగ్గి, ఖాళీ చర్మం ఏప్రాన్‌లా వేలాడుతుంటే దాని మడతలో చెమట, పాచి, పుండ్లతో అవస్థ పడేవాళ్లు. ఆస్ట్రేలియాలో 214 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం, కండరాలు కుట్టే ఈ ఆపరేషన్ తర్వాత నడుము నొప్పి, దగ్గినప్పుడు మూత్రం జారడం తగ్గాయని 2018లో చెప్పింది. అలాంటి స్త్రీ టమ్మీ టక్ కావాలంటే ‘ఈ వయసులో నీకు సోకులేంటి’ అని వెక్కిరించడం అన్యాయం. ఆ వెక్కిరింపుకు భయపడే చాలామంది ‘చిన్న హెర్నియా ఆపరేషన్’ అని ఇంట్లో అబద్ధం చెప్పి వెళుతున్నారు.

మన దగ్గర దీనికి మరో నేపథ్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏకంగా 81.5 శాతం. ‘ఆపరేషన్ వల్లే పొట్ట వచ్చింది’ అని ఆడవాళ్లు అంటుంటారు. కండరాలను సాగదీసేది గర్భమే. సిజేరియన్ గాటు లోపలికి గుంజుకుపోయి, పైనున్న భాగం దాని మీదికి వాలడంతో పొట్ట మరింత కనబడుతుంది. చాలామందిలో కండరాల మధ్య ఎడం కాన్పయ్యాక కొన్ని నెలల్లో తనంతట తానే కొంత తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర పొట్ట కండరాల వ్యాయామాలు నేర్చుకుంటే ఇంకొంత తగ్గుతుంది. కాన్పయిన ఏడాదిలోపు కత్తి గురించి ఆలోచించడం తొందరపాటు. ఇంకో బిడ్డను కనే ఆలోచన ఉంటే అసలే వద్దు, ఇంత బాధా మళ్లీ మొదటికొస్తుంది.

అదే సర్వే 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న ఒంటి మీద ఇంత పెద్ద గాయం చేస్తే మానడం కష్టం. షుగరు అదుపులో లేకపోతే ఇంకా కష్టం. నాలుగు నెలలు ఆగి ఈ రెండూ సరిచేసుకుంటే పోయేదేమీ లేదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి కొత్తగా వచ్చి చేరింది. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాయి. చాలామంది ఎవరికీ చెప్పకుండా వాడుతున్నారు. ఈ మందులు వాడితే తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది. రాత్రి నుంచీ పస్తున్నా మత్తిచ్చేసరికి కడుపు ఖాళీగా ఉండకపోవచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాంతకం. ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టరు చెప్పాలంటే, వాడుతున్నారని ఆయనకు తెలియాలి.

చవక బేరం, దూరపు విమానం

అమెరికా పౌరులు చవకని డొమినికన్ రిపబ్లిక్ వెళ్లి సౌందర్య ఆపరేషన్లు చేయించుకోవడం ఏళ్లుగా ఉంది. 2009 నుంచి 2022 వరకు అలా వెళ్లినవాళ్లలో 93 మంది చనిపోయారని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 జనవరిలో లెక్క చెప్పింది. శవపరీక్ష నివేదికలు దొరికిన 20 మందిలో 18 మంది మరణానికి కారణం ఊపిరితిత్తులకు చేరిన కొవ్వో, రక్తపు గడ్డో. చాలామందికి ఒకేసారి రెండు మూడు ఆపరేషన్లు జరిగాయి.

మనవాళ్లకు ఈ కథ తిరగబడి వర్తిస్తుంది. విదేశాల నుంచి సెలవులకు హైదరాబాద్ వచ్చి, పంటి పని, కంటి పని చేయించుకున్నట్టే దీన్నీ ముగించుకుని వెళ్లాలనుకునే తెలుగువాళ్లున్నారు. కుట్లు మానకముందే పదిహేను ఇరవై గంటలు విమానంలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే గడ్డకట్టే ముప్పును చేజేతులా పెంచుకున్నట్టు. అక్కడికెళ్లాక నీరు చేరితే తీసేది ఎవరు? కొన్నాళ్లు ఇక్కడే ఉండే వీలు లేకపోతే మానుకోవడమే మంచిది.

ఎవరు చేస్తున్నారన్నది అన్నిటికన్నా ముందు అడగాలి. ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్లు ప్లాస్టిక్ సర్జన్లు. బోర్డు మీద ‘కాస్మటాలజిస్ట్’, ‘ఈస్తటిక్ ఫిజీషియన్’ అని ఉంటే అది ఈ ఆపరేషన్‌కు అర్హత కాదు. జాతీయ వైద్య కమిషన్ 2022లో జుట్టు మార్పిడి గురించి మార్గదర్శకాలిస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం సౌందర్య చికిత్సలకు తగిన శిక్షణ కాదని రాయాల్సి వచ్చింది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోండి. మత్తు డాక్టరు ఎవరు, ఆపరేషన్ అయ్యేదాకా అక్కడే ఉంటారా, ఐసీయూ ఉందా, లేకపోతే ఎక్కడికి తీసుకెళతారు, అక్కడికి ఎంతసేపు పడుతుంది అని అడగండి. విసుక్కునే డాక్టరును వదిలేయండి.

సంతకం పెట్టే కాగితం చదవండి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రాణాపాయం ఉంటే తప్ప, రోగి ఒప్పుకున్న ఆపరేషన్‌ను మించి మరొకటి చేసే హక్కు డాక్టరుకు లేదు. టమ్మీ టక్‌కు సంతకం పెట్టినవాళ్లకు మత్తులో ఉండగా లైపోసక్షన్ కూడా చేసేయడం కుదరదు. ఖర్చు సంగతీ తెలుసుకోండి. ఆరోగ్య బీమా పాలసీల్లో సౌందర్య చికిత్సలకు మినహాయింపు ఉంటుంది. ప్యాకేజీ ధర కట్టాక ఏదైనా వికటిస్తే ఐసీయూ బిల్లు, రెండో ఆపరేషన్ ఎవరు భరిస్తారో ముందే రాతలో తీసుకోవాలి. ఈఎంఐ మీద ఆపరేషన్ చేయించుకునేవాళ్లకైతే ఈ రాత మరీ అవసరం.

ఇదంతా చదివాక కూడా చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి. మీ ఒళ్లు, మీ నిర్ణయం. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. అక్కో, భర్తో, స్నేహితురాలో ఎవరో ఒకరు. మీ మందుల జాబితా, ఆపరేషన్ కాగితాలు, సర్జన్ ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ఉంచండి. ఆయాసంతో మీకు మాట రాని వేళ 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్లతో ‘ఈమెకు పొట్ట ఆపరేషన్ అయి వారమైంది, రక్తం గడ్డకట్టిందేమో చూడండి’ అని చెప్పగలిగే మనిషి పక్కన ఉండాలి. అలాంటి మనిషి దొరికేదాకా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు.